లెన్స్ తర్వాత కొనొచ్చు, ముందు పళ్ళెంలో నీళ్ళు పోయండి

పెరట్లోకి వచ్చే పిట్టల్ని ఫోటో తీయాలని సరదా పుట్టినవాళ్ళు మొట్టమొదట అడిగేది "ఏ లెన్స్ కొనాలి?" అని. అడిగిన చోటల్లా జవాబు తయారుగా ఉంటుంది: 150–600 మిల్లీమీటర్లది కొనండి, లేదంటే 200–500. లక్షకు అటూ ఇటూ ఖర్చు. కొన్నాక ఆ ఫోటోలు చూస్తే పిట్ట పెద్దగానే ఉంటుంది. దాని వెనకున్న సున్నం కొట్టిన ప్రహరీ గోడ, గోడకున్న పీవీసీ పైపు, పిట్ట నెత్తి మీదుగా పోయే దండెం తీగ కూడా అంతే పెద్దగా ఉంటాయి.

నేలపట్టు పక్షుల అభయారణ్యంలోనో, పులికాట్ సరస్సు ఒడ్డునో సంగతి వేరు. అక్కడ పిట్ట ఎక్కడ వాలాలో మన చేతిలో లేదు, దగ్గరికి పోతే లేచిపోతుంది, కాబట్టి పొడవాటి లెన్స్ తప్పదు. పెరట్లో వాలే కొమ్మ, దాని వెనకాల రంగు, వెలుతురు వచ్చే దిక్కు, మనం కూర్చునే చోటు అన్నీ ముందే తేల్చుకోవచ్చు. అవన్నీ గాలికొదిలేసి, దగ్గరితనాన్ని మాత్రం లక్ష పోసి కొనుక్కోవడం నాకు నష్టపు బేరంగానే కనిపిస్తుంది.

లెక్క వేసి చూడండి. మామూలు ఏపీఎస్-సి కెమెరాకు (సెన్సరు కొంచెం చిన్నగా ఉండే రకం) 70–300 లెన్స్ పెట్టి, 300 దగ్గర, 4 మీటర్ల దూరం నుంచి తీస్తే ఫ్రేము వెడల్పులో పట్టేది సుమారు 30 సెంటీమీటర్లు. పిగిలిపిట్ట పొడవు 20 సెంటీమీటర్లు. అంటే ఫ్రేములో మూడింట రెండొంతులు పిట్టే. అదే కెమెరాకు 600 పెట్టి 12 మీటర్ల నుంచి తీస్తే ఫ్రేములో 47 సెంటీమీటర్లు పడతాయి, పిట్ట సగం కూడా నిండదు. పైగా ఆ 12 మీటర్ల గాలి ఎండాకాలంలో సిమెంటు నేల మీది నుంచి లేచే సెగతో వణుకుతూ ఉంటుంది. ఉదయం తొమ్మిది దాటాక ఫోకస్ సరిగ్గా ఉన్నా ఈకలు పేస్టులా వస్తున్నాయంటే తప్పు లెన్సుది కాదు, ఆ సెగది. పిట్టను 4 మీటర్లకు రప్పిస్తే ఈ గొడవ చాలావరకు పోతుంది.

రప్పించేది నీళ్ళు. గింజలు కావు, ఎందుకు కావో తర్వాత చెబుతాను.

పూలకుండీ కింద పెట్టే మట్టి పళ్ళెం, 12 నుంచి 14 అంగుళాలది, దీనికి అన్నిటికన్నా మంచిది. మట్టి గరుగ్గా ఉంటుంది కాబట్టి కాలు జారదు, నీళ్ళు చల్లగా ఉంటాయి, ఫోటోలో కనిపించినా కంటికి ఎబ్బెట్టుగా ఉండదు. స్టీలు పళ్ళెం తళతళలాడి ఎక్స్‌పోజర్ పాడుచేస్తుంది, ప్లాస్టిక్ టబ్బు అంచు నున్నగా ఉండి పిట్టలు దిగడానికి జంకుతాయి. లోతు దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు: బిందె, బకెట్టు, లోతైన తొట్టి పెడతారు. అందులో కాకి తాగుతుంది, చిన్న పిట్ట దిగదు. మధ్యలో 4 సెంటీమీటర్లు, అంచుల దగ్గర ఒకటో రెండో ఉండాలి. పళ్ళెం లోతుగా ఉంటే అడుగున గులకరాళ్ళు పరచండి, ఓ పక్కగా బేతంచర్ల బండ ముక్క ఒకటి గరుకు వైపు పైకి ఉండేలా, నీళ్ళపైకి అర సెంటీమీటరు తేలేలా పెట్టండి. పిట్టలు ముందు ఆ రాయి మీదే దిగుతాయి. ఫోకస్ పాయింటు ఎక్కడ పెట్టుకోవాలో కూడా దాంతో తేలిపోతుంది.

పళ్ళెం నేల మీద పెట్టకూడదు. మొదటి కారణం పిల్లి. తడిసిన పిట్ట చటుక్కున ఎగరలేదు, పొద కింద నక్కిన పిల్లికి అంతకన్నా తేలిక వేట ఉండదు. పళ్ళెం మీటరు ఎత్తున ఉండాలి, చుట్టూ రెండు మీటర్ల మేర పిల్లి దాక్కోవడానికి ఏమీ ఉండకూడదు. అలాగని బొత్తిగా బట్టబయలులో పెట్టినా పిట్ట రాదు, షిక్రా అనే చిన్న డేగ భయం. రెండు మూడు మీటర్ల దూరంలో ఒక జామచెట్టో, కరివేపాకు చెట్టో ఉంటే పిట్ట ముందు అందులో వాలి, నాలుగు దిక్కులూ చూసుకుని, అప్పుడు దిగుతుంది.

రెండో కారణం ఫోటోకి సంబంధించింది. కెమెరా పిట్ట కంటికి సమానమైన ఎత్తులో ఉన్నప్పుడే దాని వెనకాల దూరపు దృశ్యం వస్తుంది. మేడ మీద నుంచో, నిలబడో కిందికి తీస్తే వెనకాల వచ్చేది పిట్టకు జానెడు దూరంలో ఉన్న నేల. అది మసకబారదు. కుర్చీలో కూర్చుంటే లెన్స్ ఎంత ఎత్తులో ఉంటుందో కొలిచి, పళ్ళెం ఆ ఎత్తున పెట్టండి. పాత స్టూలు, పేర్చిన ఇటుకల వరస, సిమెంటు పైపు ముక్క ఏదైనా సరే, ఊగకూడదంతే.

నిలవ నీళ్ళకన్నా పడే చుక్క చప్పుడుకు పిట్టలు త్వరగా వస్తాయి. దీనికి మందుల షాపులో దొరికే కొత్త సెలైన్ సెట్టు చాలు, వాడేసింది వద్దు. రెండు లీటర్ల సీసా మూతకు బెజ్జం చేసి సెట్టు మొనను గుచ్చి, చుట్టూ ఎం-సీల్ పెట్టండి. సీసా అడుగు కోసేసి తలకిందులుగా పళ్ళేనికి మీటరు పైన వేలాడదీయండి. అడుగు కోయకపోతే లోపల గాలి చొరబడక చుక్క ఆగిపోతుంది. మామూలు సెట్టులో 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు లెక్క. సెకనుకో చుక్క వదిలితే గంటకు 180 మిల్లీలీటర్లు, రెండు లీటర్లు దాదాపు 11 గంటలు వస్తాయి. చుక్క పళ్ళెం వెనక అంచున పడేలా చూడండి, ముందు పడితే సరిగ్గా పిట్ట ముక్కుకు అడ్డంగా గీతలా వస్తుంది. సీసాకు గుడ్డ చుట్టకపోతే వారంలో పాచి పట్టి గొట్టం పూడుకుపోతుంది.

నీళ్ళు రోజూ మార్చాలి. పారబోసి మళ్ళీ పోస్తే చాలదు, కొబ్బరి పీచుతో అంచులు తోమాలి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అతుక్కుని ఉంటాయి, గుడ్డు నుంచి దోమ బయటికి రావడానికి మన ఎండలకు వారం పది రోజులు చాలు. పక్కింటివాళ్ళు వచ్చి గొడవ పెట్టుకోవడానికి ఇంతకన్నా న్యాయమైన కారణం ఉండదు.

ఇక కొమ్మ. పళ్ళెంలో స్నానం చేస్తున్న పిట్ట ఫోటో అందరికీ ఇష్టమే కానీ, నా లెక్కలో అసలు ఫోటో స్నానం అయ్యాక వస్తుంది. పిగిలిపిట్టను గమనించండి. ముందు దగ్గరి కొమ్మ మీద వాలుతుంది, అంచు మీదికి గెంతుతుంది, రొమ్ము ముంచి రెక్కలతో నీళ్ళు వీపు మీదికి చిమ్ముకుంటుంది, పది పదిహేను సెకన్లలో మళ్ళీ అదే కొమ్మ మీదికి పోతుంది. అక్కడ ఒళ్ళంతా బంతిలా ఉబ్బించి విదిలిస్తుంది, తోక కింది ఎర్రటి ఈకలు విప్పుతుంది, ముక్కుతో రెక్కల ఈకలు ఒక్కొక్కటీ దువ్వుకుంటుంది. పళ్ళెంలో సెకన్ల లెక్కన ఉన్న పిట్ట, ఆ కొమ్మ మీద నిమిషాల లెక్కన ఉంటుంది. మనం పెట్టాల్సింది ఆ కొమ్మ.

పళ్ళేనికి 30 నుంచి 50 సెంటీమీటర్ల పక్కగా, ఓ చిటికెన వేలు లావున్న ఎండు కొమ్మ చాలు. తుమ్మ, రేగు, వేప బాగుంటాయి, బెరడు గరుగ్గా కనిపిస్తుంది. లావు కొమ్మ పెడితే పిట్ట కాళ్ళు, పొట్ట దాని వెనక దాక్కుంటాయి. ఇసుక నింపిన పాత పెయింటు డబ్బాలో గుచ్చండి. కొమ్మ కెమెరాకు అడ్డంగా, అంటే సెన్సరుకు సమాంతరంగా ఉండాలి. 300 దగ్గర ఎపర్చరు, అంటే లెన్సు రంధ్రం, ఎఫ్ 6.3 (అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది) పెట్టి 4 మీటర్ల నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు నాలుగున్నర సెంటీమీటర్లే. కొమ్మ మీ వైపుకు వంకరగా ఉంటే పిట్ట కూడా దాని వెంబడే తిరిగి కూర్చుంటుంది, కన్ను స్పష్టంగా వస్తే తోక పోతుంది. చుట్టుపక్కల పిట్టకు వేరే వాలే చోటు లేకుండా చేయడం కూడా ఇందులో భాగమే. దండెం తీగ పది అడుగుల్లో ఉంటే పిట్ట దాని మీదే వాలుతుంది, ఉదయం పూట తీసేయండి. కొమ్మను రెండు వారాలకోసారి మార్చండి, లేకపోతే మీ ఫోటోలన్నీ ఒకే ఫోటోలా ఉంటాయి.

వెనకాల ఏముందన్నది అన్నిటికన్నా ఎక్కువ తేడా తెస్తుంది, కానీ అన్నిటికన్నా తక్కువమంది పట్టించుకుంటారు. అదే 300 లెన్స్, ఎఫ్ 6.3, పిట్ట 4 మీటర్ల దగ్గర ఉందనుకోండి. గోడ పిట్టకు మీటరు వెనక ఉంటే గోడ మీది చుక్క ఫ్రేము వెడల్పులో 3 శాతం మేర మసకగా పాకుతుంది. అంటే పైపు పైపులానే, మరక మరకలానే తెలుస్తుంది. అదే గోడ 6 మీటర్లు వెనక ఉంటే మసక 9 శాతం, మూడింతలు. పైపు మాయమై ఒక లేత నీడ మిగులుతుంది. ఈ తేడా లెన్స్ మార్చి తెచ్చుకోవాలంటే ఎఫ్ 6.3 నుంచి ఎఫ్ 2.1కి దిగాలి, 300 లెన్సులో అలాంటిది కొనే ఆశ పెట్టుకోనక్కర్లేదు. పళ్ళేన్ని గోడ నుంచి ఐదు మీటర్లు ఇవతలికి జరపడానికి పైసా ఖర్చు లేదు.

స్థలం అంత లేదనేవాళ్ళకు దారి ఉంది. గోడను కప్పేయడమే. రాధామనోహరం తీగ పాకిస్తే ఏడాదిలో గోడ మాయమవుతుంది. అప్పటిదాకా నర్సరీలో దొరికే ఆకుపచ్చ షేడ్ నెట్ ముడతలు లేకుండా బిగించి కట్టండి, రెండు పొరలుగా ఉంటే గోడ తెలుపు తొంగిచూడదు. పాత దుప్పటి కడితే గాలికి కొట్టుకుంటుంది, పిట్టలు రెండు రోజులు ఆ చాయలకే రావు. నీలం టార్పాలిన్ మాత్రం వద్దు, ఆ రంగు పిట్ట పొట్ట మీద కూడా పడుతుంది.

ఇప్పుడు వెలుతురు. ఇక్కడ మన ఇళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, ఇతర దేశాలవాళ్ళ వీడియోల్లో దీని ఊసే ఉండదు. వాస్తు పుణ్యమా అని మనలో చాలామంది ఇల్లు తూర్పు ముఖం. అంటే పెరడు పడమర. వెనక గుమ్మంలో కూర్చుంటే మన చూపు పడమటికి. పొద్దున ఎండ వెనక నుంచి రావాలి, లెక్క ప్రకారం అద్భుతంగా ఉండాలి. కానీ మధ్యలో ఇల్లుంది. రెండంతస్తుల ఇల్లు 7 మీటర్ల ఎత్తనుకుంటే, సూర్యుడు 45 డిగ్రీలు పైకెక్కేదాకా 7 మీటర్ల నీడ పెరటి మీదే ఉంటుంది. సాయంత్రం ఆ నీడ పోతుంది గానీ ఎండ నేరుగా లెన్సులోకి కొడుతుంది. ఇంటి గుమ్మం దగ్గర కూర్చుని తీస్తే పొద్దున నీడ, సాయంత్రం ఎదురెండ, మధ్యాహ్నం నడినెత్తి ఎండ. మే రెండో వారంలో హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా తల మీదే ఉంటాడు. ఆ వేళ తీసిన ఏ పిట్టకైనా కళ్ళు నల్ల గుంటలే.

ఈ చిక్కుకు రెండు పరిష్కారాలు. ఒకటి, ఉదయపు నీడను తప్పుగా చూడకపోవడం. ఇంటి నీడలో ఆకాశపు వెలుతురు నాలుగు వైపుల నుంచీ మెత్తగా పడుతుంది. కోయిల, పెద్ద నల్లంచి లాంటి నలుపు, నలుపు తెలుపు పిట్టలకు ఇంతకన్నా మంచి వెలుతురు లేదు. షట్టర్ 1/500 సెకను, ఎఫ్ 6.3 పెడితే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 800 నుంచి 2000 దాకా పోతుంది, ఇప్పటి కెమెరాలకు అదేం లెక్క కాదు. నీడ వెలుతురు నీలంగా ఉంటుంది కాబట్టి రా ఫైలులో (కెమెరా దిద్దకుండా దాచే ఫైలు) తీసి, వైట్ బ్యాలెన్స్ 7000 కెల్విన్ దగ్గర సరిచేసుకోండి.

రెండోది, ఉత్తర దక్షిణాల వరసలో సర్దుకోవడం. శీతాకాలంలో సూర్యుడు ఆగ్నేయం నుంచి లేచి దక్షిణంగా నడుస్తాడు. డిసెంబరులో హైదరాబాదులో లేచే చోటు తూర్పుకు 25 డిగ్రీలు దక్షిణంగా, జూన్‌లో దాదాపు అంతే ఉత్తరంగా. రెంటి మధ్యా 50 డిగ్రీల తేడా. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పళ్ళెం ఉత్తరపు పక్కకు పెట్టి, మీరు దక్షిణం వైపు కూర్చోండి. ఎండ భుజం మీదుగా పడుతుంది, ఉదయం పది దాకా పనికొస్తుంది. ఎండాకాలంలో ఆ అమరికే కొంచెం తిప్పుకోవాలి. జూన్‌లో బాగా పనిచేసిన చోటు డిసెంబరులో ఎందుకు పనిచేయట్లేదని బుర్ర గోక్కునేవాళ్ళు ముందు నీడ ఎటు పడుతోందో చూసుకుంటే చాలు.

తేనెపిట్టలకు మాత్రం మన వెనక నుంచి వచ్చి పిట్ట మీద నేరుగా పడే ఎండ కావాలి. మగ తేనెపిట్ట తల మీది ఆకుపచ్చ, గొంతు మీది ఊదా, ఈ రెండూ రంగు ద్రవ్యం వల్ల వచ్చినవి కావు, ఈక నిర్మాణం మీద వెలుతురు విరిగి వచ్చినవి. కోణం తప్పితే ఉత్త నలుపు. సూర్యుడు మీ వీపున ఉండి, పిట్ట మీ వైపు తల తిప్పిన క్షణమే ఆ రంగు పలుకుతుంది. అందుకే తేనెపిట్టను పదుల సంఖ్యలో తీసి ఒకటి ఉంచుకోవడం మామూలే. ఊదా తేనెపిట్ట మగది జత కట్టే కాలం అయ్యాక ఆ మెరుపంతా వదిలేసి, పసుపు పొట్ట మీద నిలువునా నల్లగీతతో మిగులుతుంది. దాన్ని కొత్త జాతి అనుకుని సంబరపడేవాళ్ళు ఏటా ఉంటారు.

తేనెపిట్టలు, ఆకులు కుట్టి గూడు కట్టే టైలర్ బర్డ్ పళ్ళెంలో దిగడం తక్కువ. అవి తడి ఆకుల మీద ఒళ్ళు రుద్దుకుని స్నానం చేస్తాయి. సాయంత్రం నాలుగింటికి అరటాకు మీదో, మెట్టతామర ఆకుల మీదో చేతి స్ప్రేయరుతో నీళ్ళు కొట్టి ఊరుకోండి. నీళ్ళు ఆకు మడతలో నిలిస్తే చాలు, పిట్ట ఆ మడతలోకి పొట్టతో జారి రెక్కలు తపతపలాడిస్తుంది.

కెమెరా సెట్టింగుల మీద పేజీలకు పేజీలు రాసేవాళ్ళున్నారు, నేను ఒక్క పేరాలో తేల్చేస్తాను. మాన్యువల్ మోడ్, ఆటో ఐఎస్ఓ, పై హద్దు 3200. కదలకుండా కూర్చున్న పిట్టకు 1/500, నీళ్ళు విదిలించే పిట్టకు 1/1600 లేదా 1/2000, చుక్కలు గాజుపూసల్లా నిలవాలంటే అంతకన్నా తగ్గకూడదు. ఎపర్చరు లెన్స్ ఎంతిస్తే అంత. ఫోకస్ ఒకే పాయింటు, కంటి మీద. ఇప్పటి కెమెరాలు పిట్ట కన్నును వాటంతట అవే పడతాయి గానీ అడ్డంగా పుల్ల ఉంటే పుల్లనే పడతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో ఎంత వెలుగ్గా రావాలో దిద్దేది) ఒక్కటి మాత్రం చేతిలో ఉంచుకోండి. వెనకాల తెల్లటి ఆకాశం ఉంటే ప్లస్ 1 నుంచి 2, ముదురాకుల ముందు నల్లపిట్ట ఉంటే మైనస్ 2/3. పెద్ద నల్లంచి రెక్క మీది తెల్లపట్టీ కాలిపోతే తర్వాత ఏం చేసినా తిరిగి రాదు, కాబట్టి తెలుపుకే ఎక్స్‌పోజర్ పెట్టి నలుపును కంప్యూటర్లో ఒక స్టాపు, అంటే రెట్టింపు వెలుగుకు, లేపుకోవాలి. సైలెంట్ షట్టర్ చప్పుడు చేయదు నిజమే, అయితే చాలా కెమెరాల్లో విదిలించే రెక్కల్ని వంకరగా చూపిస్తుంది. రెక్కల కదలిక తీసేటప్పుడు మెకానికల్ షట్టరే వాడండి.

మాటు కోసం గుడారం కొననక్కర్లేదు, వంటింటి కిటికీ ఉంది. గదిలో లైటు ఆర్పేయండి, కిటికీకి ముదురు రంగు తెర కట్టి లెన్స్ పట్టేంత సందు వదలండి. పిట్టలు మనిషి ఆకారాన్ని, కదలికను చూసి బెదురుతాయి. కుక్కర్ విజిల్‌కు అలవాటు పడ్డ గోరింక షట్టర్ చప్పుడును అసలు లెక్కచేయదు. దోమల మెష్ గుండా తీస్తే కాంట్రాస్టు పోయి బొమ్మ పాలిపోతుంది, మెష్ తీసే వీలు లేకపోతే ఆ కిటికీ వదిలేయండి. అద్దం గుండా తీయక తప్పకపోతే లెన్స్ హుడ్డు అద్దానికి ఆనించి, నిటారుగా ఎదురుగా తీయండి. పక్కవాటుగా తీస్తే అద్దమే ఫోకస్‌ను చెడగొడుతుంది. పాత జీన్స్ ప్యాంటు కాలు మోకాలి దాకా కోసి, రెండు కిలోల సెనగలు పోసి రెండు చివరలా కుట్టేస్తే, కిటికీ గడప మీద దాన్ని మించిన స్టాండు లేదు. ట్రైపాడ్ వంటింట్లో అందరి కాళ్ళకూ అడ్డమే.

గింజల సంగతి. ఎండాకాలంలో పిట్టలకు గింజలు వేయడం పుణ్యమని మనకో నమ్మకం, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఫోటో కోసమైతే గింజలు మూడు రకాలుగా దెబ్బ కొడతాయి. రోజూ నూకలు చల్లే పెరట్లో మొదట చేరేవి పావురాలు, అవి చేరాక చిన్న పిట్టలకు చోటుండదు, వాటి రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. రాత్రికి మిగిలిన గింజల కోసం ఎలుకలొస్తాయి, ఎలుకల వెంట పాములొస్తాయి. అన్నిటినీ మించి, మీకు కావాలనిపించే పిట్టల్లో చాలావాటికి గింజలతో పనే లేదు. తేనెపిట్టకు తేనె, పురుగులు. పిగిలిపిట్టకు, కోయిలకు పండ్లు. టైలర్ బర్డ్‌కు, పెద్ద నల్లంచికి పురుగులు. లకుముకి పిట్టకు తొండలు, మిడతలు. వీటన్నిటికీ కావలసిందొకటే, నీళ్ళు. పంచదార నీళ్ళ సీసాలు కూడా వద్దు, మన వేడికి పూట గడవకముందే పులుస్తాయి.

గింజలకు ఒక్క మినహాయింపు ఇస్తాను: వరి కంకుల కుచ్చు. కోత అయ్యాక కోస్తా జిల్లాల్లో ఇళ్ళ చూరులకు, గుళ్ళలో పిచ్చుకల కోసం వేలాడదీసే కుచ్చు అది. గింజ నేల మీద పెద్దగా రాలదు, బరువైన పావురం దాని మీద నిలవలేదు, పిచ్చుక మాత్రం తలకిందులుగా వేలాడి ఒడ్లు ఒలుచుకుంటుంది. ఫోటోకి ఇంత అందమైన కొమ్మ ఇంకోటి దొరకదు. పైన పళ్ళేనికి చెప్పిన దూరాలే దీనికీ: వెనకాల ఐదారు మీటర్లు ఖాళీ, కెమెరాకు 4 మీటర్లు.

గింజలకు పెట్టే డబ్బు మొక్కలకు పెట్టండి. హమేలియా అనే పూలపొద ఒక్కటి పెడితే దాదాపు ఏడాది పొడుగునా ఎర్రటి గొట్టపు పూలు, తేనెపిట్టలు దాన్ని వదలవు. ఒంటిరెక్క మందారం పెట్టండి, ముద్దమందారంలో రేకుల గుంపు దాటి తేనె అందడం కష్టం. మునగపూత, అరటిపువ్వు ఎలాగూ పెరట్లో ఉండేవే. కరివేపాకు చెట్టును ఏటా మొదలంటా నరక్కుండా ఒకదాన్ని కాయనిస్తే, ఆ నల్లపండ్ల కోసం పిగిలిపిట్టలు, కోయిలలు వస్తాయి. ఆడకోయిల చుక్కల ఒంటిని దగ్గర్లో తీయడానికి అంతకు మించిన చోటు లేదు. రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టకుండా ఒక మూల వదిలేయండి. అక్టోబరులో దక్షిణానికి పోతూ దారిలో దిగే 'ఇండియన్ పిట్టా' అనే జాతి పిట్ట ఆ ఆకుల్లోనే పురుగులు ఏరుకుంటుంది. పురుగుమందు కొట్టే పెరట్లో ఇవేవీ పనిచేయవు.

అక్టోబరు నుంచి మార్చి దాకా వలస పిట్టల కాలం. పొదల్లో టక్ టక్ మంటూ కనపడకుండా తిరిగే బ్లైత్స్ రీడ్ వార్బ్లర్, చిన్న చిన్న ఫ్లైక్యాచర్లు, అదృష్టముంటే తోక పొడుగు పారడైజ్ ఫ్లైక్యాచర్ పళ్ళెం దగ్గరికి వస్తాయి. తెల్లవారుజామున కన్నా ఉదయం పది నుంచి పదకొండున్నర మధ్య, మళ్ళీ మూడు దాటాక నీళ్ళకు ఎక్కువగా దిగుతాయి. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో పెరట్లో కనిపించిన పిట్టల్ని లెక్కపెట్టి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో ఎక్కించొచ్చు. మన దేశం 2013 నుంచి అందులో ఉంది. ఆ పని చేస్తే మీ పెరట్లోకి ఏది ఏ వారంలో వస్తుందో రాతపూర్వకంగా మీ దగ్గరే ఉంటుంది.

గూళ్ళ విషయంలో నాది మొండి మాట: తీయొద్దు. టైలర్ బర్డ్ గూడు ఆకులో దాగి ఉంటుంది. ఫోటో కోసం ఆ ఆకును ఒక్కసారి పక్కకు వంచి కట్టినా పిల్లల మీద నేరుగా ఎండ పడుతుంది, పైన కాకి, పొదలో జెముడుకాకి ఆ సందును పసిగడతాయి. మనం అటు పదే పదే పోవడం చాలు, దారి చూపినట్టే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అన్న మాటకిచ్చిన నిర్వచనంలోనే అడవి పిట్టల గుడ్లను, గూళ్ళను కదిలించడం కూడా ఉంది. ఫోన్లో కూత పెట్టి పిట్టను రప్పించడం కూడా ఈ కోవలోదే. గూడు కట్టే రోజుల్లో మగపిట్ట దాన్ని ప్రత్యర్థి కూత అనుకుని, మేత మానేసి కొట్లాటకు వస్తుంది. కూతను బట్టి పిట్ట పేరు చెప్పే మెర్లిన్ ఆప్‌ను వినడానికి వాడండి, వినిపించడానికి కాదు. పళ్ళెం దగ్గర ఓపిగ్గా కూర్చోలేనివాళ్ళకే ఈ అడ్డదారులు కావాలి.

కెమెరా లేనివాళ్ళు ఫోనుతో మొదలుపెట్టొచ్చు. పళ్ళేనికి 60 సెంటీమీటర్ల దూరంలో చిన్న స్టాండు మీద ఫోను పెట్టి, ముందు రెండు రోజులు అదే సైజు అట్టముక్క అక్కడ ఉంచి పిట్టల్ని అలవాటు చేసి, తర్వాత బ్లూటూత్ రిమోట్‌తో లోపలి నుంచి నొక్కండి. లేదా 4కె వీడియో తీసి అందులోంచి ఫ్రేము పట్టుకోండి, 8 మెగాపిక్సెల్ బొమ్మ వస్తుంది. మే నెల ఎండలో ఫోను వేడెక్కి ఆగిపోతుంది, దాని మీద తెల్ల అట్ట నీడ పట్టండి.

ఇంత చేశాక కూడా లెన్స్ కొనాలనిపిస్తే, మొదట సెకండ్‌హ్యాండ్ 70–300 చూడండి. నికాన్ ఏఎఫ్-పి డీఎక్స్ 70–300 అయితే 1.1 మీటరు దాకా దగ్గరగా ఫోకస్ అవుతుంది. సిగ్మా 150–600 కంటెంపరరీకి 2.8 మీటర్లు కావాలి, ఇరుకు పెరట్లో కిటికీ పక్క మందారం మీద వాలిన తేనెపిట్టను అది పట్టలేదు. వాడిన లెన్స్ కొనేటప్పుడు వెనక మూత తీసి, ఫోన్ టార్చి ముందు నుంచి కొట్టి వెనక నుంచి చూడండి. సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే ఫంగస్ పట్టినట్టే, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఇది మరీ ఎక్కువ. ధర ఎంత తగ్గించినా దాన్ని ఇంటికి తెచ్చుకోకండి, మంచి లెన్సుల పక్కన అసలు పెట్టకండి. కొన్నదాన్ని గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చిన్న హైగ్రోమీటరు పెట్టి దాచండి. జెల్ నీలం నుంచి గులాబీ రంగుకు మారితే తీసి వేడి చేసి ఆరబెట్టి మళ్ళీ వేయాలి, వానాకాలంలో ఆ పని తరచుగా పడుతుంది.